ఊరి టెంకాయ

మా సారు పోయారు. ఆ పొద్దున దుకాణం షట్టరు ఎత్తి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగిస్తున్నాను. ఫోను మోగింది. మార్కాపురంలో సారును చేర్చిన ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా ఊరి అమ్మాయి. "అక్కా, సారు పోయినాడు" అంది. ఆ పిల్ల ఉద్యోగమే అలాంటిది, ఈ మాట ఎంతమందికి చెప్పి ఉంటుందో. "సరే" అన్నాను. దేనికి సరే అన్నానో తెలియదు.

ఫోను పెట్టేసి చూస్తే దుకాణం ముందు బెంచీ మీద ఆ రోజు పేపరు మడత విప్పకుండా పడి ఉంది. వేసిపోయిన అతనికి సంగతి తెలియదు కదా. ఆ పేపరు తెప్పించేది నేను, చదివేది సారు. దుకాణం నా చేతికి వచ్చిన నాటి నుంచి ఇదే ఏర్పాటు. ఆయన చదివి, మడిచి, పక్కకు పెట్టేదాకా నేను దాని వైపు చూడకూడదు. "పేపరు నీదే తల్లీ, వార్తలు మాత్రం ముందు నాకు" అనేవారు. ఆ పొద్దున ముందు చదివే హక్కు నాకొచ్చింది. నేను దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం గాలికి ఎటో కొట్టుకుపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలియాల్సినంత పెద్ద పనులేమీ ఆయన చేయలేదు. మా ఊరి జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పారు, రిటైరయ్యారు, నా దుకాణం పక్కింట్లో ఉన్నారు, పేపరు చదివారు. పిల్లల్లేరు. ఆయన భార్య, మా మేడమ్, ముందే పోయారు. ఒకసారి ఎవరో సన్మానం చేస్తామని వస్తే, శాలువా బదులు లుంగీ ఇస్తే వస్తానని బేరం పెట్టి వాళ్ళను వెనక్కి పంపించారు. ఆ మనిషి గురించి నేను నాలుగు మాటలు రాయడానికి కారణం ఒక టెంకాయ. అది చెప్పాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మాది కంభానికీ మార్కాపురానికీ నడుమ ఉన్న పాత పేట. పేరు రాయడం లేదు. ఇందులో వచ్చేవాళ్ళు కొందరు ఇంకా నా దగ్గరే బట్టలు కొంటున్నారు. ఊరికి ఉత్తరాన కూలిన కోట, నడుమ గుడి, గుడి ముందు నుంచి బజారు. బజారు దాటితే సాలెవీధి, దాని తర్వాత కుమ్మరి వీధి. కుమ్మరి వీధి చివర వాగు. వాగు అవతల దళితుల ఇళ్ళు. దాన్ని అవతలి పల్లె అంటారు. ఆ వాగులో నీళ్ళు చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువే. అవతల అనే మాటకు నీళ్ళతో పనిలేదు.

సారు మొదటి రోజు మా ఇంటర్ క్లాసుకు వచ్చినప్పుడు చేతిలో పుస్తకం లేదు, పలక ఉంది. మార్కాపురం పలక, చుట్టూ చెక్క ఊడిపోయింది. దాని మీద బలపంతో మూడు చుక్కలు పెట్టి మాకు చూపించారు. "ఇది కోట. ఇది గుడి. ఇది బజారు. విజయనగరమైనా, గోల్కొండైనా, మనూరైనా, ఆ కాలంలో పట్నమంటే ఈ మూడే. మీ ఇంట్లో పొయ్యి ఎట్ల ఉంటాది? మూడు రాళ్ళు. రాజు ఒక రాయి, దేవుడు ఒక రాయి, ఊరు ఒక రాయి. ఒకటి తీసినా కుండ ఒరుగుతాది."

వెనక బెంచీ నుంచి నేను, "మా ఇంట్లో గ్యాసు సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "గ్యాసు పొయ్యికి కూడా కాళ్ళుంటాయి తల్లీ, ఇంటికి పోయి వంగి చూడు" అన్నారు. ఇంటికి పోయి వంగి చూశాను. మా అమ్మ ఏం పోయిందని వెతుకుతున్నావంది. మర్నాటి నుంచి చరిత్ర క్లాసులో ముందు బెంచీకి మారాను.

పరీక్షకు పనికొచ్చేదంతా బెల్లు కొట్టే ముందు గబగబా రాయించేవారు. మిగతా సమయమంతా ఆ మూడు చుక్కలే. "రాజుకు దేవుడెందుకు? ఊరు రాజుకు భయపడతాది గానీ మనసారా మొక్కదు. దేవుడికి మొక్కుతాది. అందుకని రాజు పోయి దేవుడి పక్కన నిలబడతాడు, ఆ మొక్కులో కొంత తన మీద కూడా పడుతుందని. గుడికి భూములిస్తాడు, గుడి ఆయనకు తలపాగా చుట్టి తీర్థమిస్తాది. అది ఊరంతా చూడాల. చూడకపోతే ఆ తలపాగా ఉత్త గుడ్డ. మరి దేవుడికి ఊరెందుకు? తేరు లాగేదెవరు? ఊరికి రాజెందుకు? బజారు దోపిడీ కాకుండా ఉండేదానికి."

"ఊరికి దేవుడెందుకు సార్?" అని నేనడిగాను. ఆ ఒక్క ప్రశ్న ఆయన వదిలేశారని పట్టుకున్నానన్న గర్వం నాది.

ఆయన "ఏడ్చుకోవడానికి" అన్నారు.

ఆ జవాబు రాస్తే మార్కులు రావు. కానీ మేడమ్ పోయిన ఏడాది సాయంత్రాలు ఆయన గుడి మెట్ల మీద ఒక్కరే కూర్చునేవారు. లోపలికి వెళ్ళేవారు కాదు. చీకటి పడే ముందు లేచి, పంచె దులుపుకుని వచ్చేసేవారు. బట్టలు మడతపెడుతూ నేను ఇక్కడి నుంచే చూసేదాన్ని. అప్పుడు తెలిసింది అది పాఠం కాదని.

ఇంకో కథ చెప్పేవారు. ఎప్పటిదని అడిగితే తెలియదనేవారు, ఊళ్ళో చెప్పుకునే మాట అంతే అనేవారు. కోటలో ఉన్న కిల్లేదారు, అంటే నవాబు తరఫున కోటను ఏలేవాడు, మగ్గాల మీద పన్ను మోయలేనంత పెంచాడట. సాలెవాళ్ళు గొడవ చేయలేదు. మగ్గాలు విప్పి బండ్ల మీద వేసుకుని, ఇళ్ళకు తాళాలు పెట్టి, కంభం చెరువు కట్ట కింద పోయి దిగారట. వాళ్ళ వెనకే నూనె అమ్మేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు. కోట ఉంది, గుడి ఉంది, ఊరు లేదు. గుడిలో దీపానికి నూనె లేదు. చివరికి కిల్లేదారే తాంబూలం పంపించి పిలిపించుకున్నాడట. ఈ కథ చెప్పేటప్పుడు సారు బలపంతో పెట్టిన మూడో చుక్కను బొటనవేలితో తుడిచేసేవారు. మిగిలిన రెండు చుక్కలూ బిక్కమొహం వేసుకుని ఉండేవి.

ఈ మూడు రాళ్ళ మాట ఆయన పుస్తకాల్లోంచి తెచ్చింది కాదు. మా తేరు నుంచి తెచ్చింది.

మా ఊరి తేరు కదలాలంటే మూడు టెంకాయలు కొట్టాలి. మొదటిది రాజు టెంకాయ. రాజులున్నప్పుడు కోటలోంచి వచ్చేదట. నవాబుల కాలంలో కిల్లేదారు తన కచేరీలో పనిచేసే హిందువు చేత పంపించేవాడట. ఆ తర్వాత తహసీల్దారు వచ్చి కొట్టడం ఆచారమైంది. రెండోది దేవుడి టెంకాయ, అర్చకులు కొడతారు. మూడోది ఊరి టెంకాయ. మొదటి రెండూ ఎక్కడి నుంచి తెచ్చినా అడిగేవాళ్ళు లేరు. మూడోది మాత్రం కొనకూడదు. ఊళ్ళో ఒక ఇంటికి పోయి అడగాలి, ఆ ఇంటివాళ్ళు ఇవ్వాలి. ఏడాదికో వీధి వంతు. బజారు, సాలెవీధి, కుమ్మరి వీధి, మళ్ళీ బజారు.

అడిగి తెచ్చి కొట్టే హక్కు బజారులో ఒక శెట్టి ఇంటిది. పాత కాలంలో పట్నానికి పెద్దగా ఉండి, కోటతోనూ గుడితోనూ ఊరి తరఫున మాట్లాడిన వంశమట. సారు వాళ్ళ ఇల్లే అది. అన్నదమ్ములిద్దరు. హక్కు పెద్దాయనది. అయితే ఇంటింటికీ పోయి టెంకాయ అడగడం పెద్దాయనకు నామోషీ, తమ్ముణ్ణి పంపేవాడు. సారుకు కావాల్సింది అదే. "ఊరి పెద్ద అంటే ఏందనుకున్నారు? అడుక్కునేవాడు. ఊరు ఇస్తే కొడతాడు, ఇయ్యకపోతే చేతులు కట్టుకుని నిలబడతాడు" అనేవారు మాతో.

అవతలి పల్లెకు ఆ వంతు ఎప్పుడూ రాలేదు. తేరు ముందు డప్పు కొట్టేది వాళ్ళే. అన్నం తినేటప్పుడు సారు ఆ మాట తన అన్న దగ్గర ఎన్నోసార్లు కదిపి చూశారని మేడమ్ మా అమ్మతో చెప్పేవారు. "డప్పు లేకుండా తేరు కదలదు గదన్నా, డప్పు కొట్టేవాడు ఊళ్ళో లేడా?" అని తమ్ముడు. "నాయన చేయని పని నేను చేయను" అని అన్న. అక్కడితో ఆగిపోయేది. తర్వాత మజ్జిగ వడ్డించుకునేవాళ్ళు.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా కుమ్మరి వీధి వంతు వచ్చింది. సారు ఒక ఇంట్లో అడిగి, పసుపు పూసిన టెంకాయ తెచ్చి తేరు చక్రం ముందున్న రాతిమెట్టు మీద పెట్టారు. ఆ ఏడాది కొత్త తహసీల్దారు. కోస్తా నుంచి వచ్చినాయన, మెత్తటి మనిషి. పళ్ళెంలో టెంకాయ ఇచ్చారు, కొట్టాడు. పక్కకు చూస్తే పసుపు పూసిన ఇంకో టెంకాయ. అదీ తన కోసమే అనుకుని తీసి ఫట్టున కొట్టేశాడు.

డప్పులు ఆగిపోయాయి. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు తాళ్ళు వదిలేశారు. అర్చకులు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. తహసీల్దారు అందరి మొహాలూ చూసి, "రెండు కొడితే ఇంకా మంచిదే కదండీ" అన్నాడు. పాపం అనిపించింది. సారు ఒక్కరే నవ్వారు. మా వైపు వంగి, "రాజు చెయ్యి అంతే. పక్కనున్నది కూడా తనదే అనుకుంటాది" అన్నారు. మేం అంత గొడవలోనూ నవ్వాపుకోలేకపోయాం.

అన్న ముందుకొచ్చాడు. "అయిందేదో అయింది. కుమ్మరి వీధి తర్వాత బజారు. మా ఇంట్లో కాయ ఉండాది, తెప్పిస్తా."

"కుమ్మరి వీధి తర్వాత బజారు లేదన్నా" అన్నారు సారు. "నడిచి చూడు."

"వాగుండాది."

"వాగు తర్వాత?"

సారు అప్పటికే నడుస్తున్నారు. పైపంచ తల మీద వేసుకుని, బజారు, సాలెవీధి, కుమ్మరి వీధి దాటి వాగులోకి దిగారు. వెనక మేం, కాలేజీ పిల్లలం. ఇసుక కాలి కింద చుర్రుమంటోంది. ఆయన వీపు చూస్తూ నడిచిన ఆ నడక నాకు ఇంకా గుర్తుంది, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

అవతలి పల్లెలో మొదటి ఇంటి గడపలో ఒక అవ్వ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. సారు చెప్పులు విడిచి, చేతులు చాపి, బజారులో అడిగినట్టే అడిగారు. "అవ్వా, తేరుకు ఊరి టెంకాయ కావాల. ఇస్తావా?"

అవ్వ ఆయన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. "దోవ తప్పి వచ్చినారేమో సామీ."

"దోవ తప్పలేదవ్వా. ఇన్నాళ్ళు తప్పినాం."

అవ్వ లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో టెంకాయ. అమ్మవారికి మొక్కుకుని దాచిపెట్టుకున్న కాయట. సారు చేతుల్లో పెట్టింది గానీ చెయ్యి తీయలేదు. "ఒక మాట సామీ. అక్కడ వద్దన్నారని మళ్ళ వెనక్కి తెచ్చి ఇయ్యొద్దు. ఇస్తే నేను తీసుకోలేను."

"తేను" అన్నారు సారు.

ఎండలో తేరు అలాగే ఉంది. ఆ టెంకాయ ఎక్కడిదో మేం చెప్పక్కర్లేకుండానే ఊరికి తెలిసిపోయింది. పెద్దాయన మెట్టు ముందు నిలబడి, "ఆ కాయ కొడితే నేను తాడు పట్టను, నీ గడప తొక్కను" అన్నాడు. సారు వాదించలేదు. టెంకాయ ఒళ్ళో పెట్టుకుని రాతిమెట్టు మీద కూర్చున్నారు. వాదించడం వచ్చిన మనిషే, కాలేజీలో ప్రిన్సిపాలును కూడా వదిలేవారు కాదు. ఎండ నడినెత్తికొచ్చింది. తహసీల్దారు గొడుగు కింద చెమట తుడుచుకుంటూ, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఉన్నాడు. అవ్వకిచ్చిన మాట పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

చివరికి నోరు విప్పింది అర్చకులు. ముసలాయన, మెల్లగా మాట్లాడతారు. "కాయ ఎవరింటిదని దేవుడు నన్నెప్పుడూ అడగలేదు. అడిగి తెచ్చినారా, మనసుతో ఇచ్చినారా, అంతవరకే నాకు తెలుసు" అని, తన టెంకాయ కొట్టి పక్కకు తప్పుకున్నారు. సారు లేచి మూడోది కొట్టారు. ముందు తాళ్ళు పట్టుకున్నది సాలెవాళ్ళు, తర్వాత కుమ్మరి వీధి. డప్పులు మొదలయ్యాయి. తేరు కదిలింది. కొబ్బరి ముక్కలు అందరికీ పంచుతూ సారు అన్న కోసం ఒక ముక్క పట్టుకుని వెతికారు. పెద్దాయన ఇంటికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ ముక్క సారు చేతిలోనే ఉండిపోయింది.

ఈ కథ ఇక్కడ ఆపితే బాగుండేది. ఆగలేదు. మరుసటి ఏడు గుడి పెద్దలు కూర్చుని, గొడవలెందుకని, ఊరి టెంకాయ కూడా దుకాణంలో కొని తెప్పించి, ఎవరు ముఖ్య అతిథిగా వస్తే వాళ్ళ చేత కొట్టించాలని నిర్ణయించారు. ఆ తర్వాత నాయకులు కొట్టారు, నాయకుల బంధువులు కొట్టారు, ఒకసారి సినిమాల్లో వేషాలేసే ఆయన కొట్టాడు. ఊరికి ఏ లోటూ తెలియలేదు. మైకు పెద్దదైంది, తేరుకు సీరియల్ లైట్లు వచ్చాయి. ఊళ్ళోని ఏ ఇంటినీ మాత్రం ఎవరూ ఏదీ అడగలేదు. "రెండు రాళ్ళ మీద పెట్టినారు కుండని. ఒరిగేదాకా తెలియదు" అన్నారు సారు ఒక్కసారి. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆయన చేసిందల్లా ఇది. ప్రతి ఏడూ తేరు రోజు పొద్దున్నే స్నానం చేసి, వంతు ప్రకారం ఒక వీధికి పోయి ఒక ఇంట్లో టెంకాయ అడిగేవారు. ఆయన వంతుల్లో నాలుగు వీధులు. అవతలి పల్లె కూడా. ఇచ్చిన కాయ తెచ్చుకుని నా దుకాణం ముందు బెంచీ మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. తేరు మా ముందు నుంచి పోయేది. ఆ టెంకాయ గురించి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తేరు మలుపు తిరిగాక లేచి, తెచ్చిన ఇంటికే పోయి తిరిగి ఇచ్చేసేవారు. "ఈ ఏడు కూడా ఊరిని అడగలేదమ్మా. నీ కాయ నీకే" అనేవారట. తీసుకునేవాళ్ళకు ఏం చేయాలో తెలిసేది కాదు. అవ్వ ఉన్నంతకాలం ఆ ఇంటికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఇచ్చిన మాట ఉంది కదా.

అన్నదమ్ముల సంగతి మరీ వింత. ఎదురెదురు ఇళ్ళు. పొద్దున ఆయన తన అరుగు మీద, ఈయన నా బెంచీ మీద. మాటల్లేవు. నడుమ నేను పోస్టాఫీసును. "మీ సారుకు చెప్పు, కొళాయి కట్టేయలేదు, నీళ్ళు బజారులోకి పోతాండాయి" అనేవాడు పెద్దాయన, అంత దూరాన్నుంచే, సారుకు వినపడేలా. "చూసినానని చెప్పు తల్లీ" అనేవారు సారు పేపరులోంచి. సారుకు జ్వరం వస్తే పెద్దాయన నా దుకాణానికొచ్చి, తువ్వాలు బేరం చేసి, కొనకుండా పోతూ, "ఏం తిన్నాడంట?" అని అడిగేవాడు. పెద్దాయన కోడలికి కాన్పు కష్టమైనప్పుడు సారు రెండు రోజులు పేపరు విప్పలేదు. ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండేది. ఒకసారి కోపం పట్టలేక, "మీరిద్దరూ నాకు జీతమన్నా ఇవ్వండి" అన్నాను. సారు నవ్వారు. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ విసుక్కోలేదు.

ఆసుపత్రిలో చేర్చాక చూడ్డానికి వెళ్ళాను. ముక్కుకు గాలి గొట్టాలు పెట్టి ఉంచారు. నన్ను చూసి, "పేపరు నువ్వు చదవలేదు గదా?" అన్నారు. లేదన్నాను. ఆయన్ని చూసుకుంటున్నది ఆ నర్సు అమ్మాయే. టెంకాయ ఇచ్చిన అవ్వకు మనవరాలు. అవ్వ పోయి చాలాకాలమైంది. బయటికి వచ్చాక ఆ అమ్మాయి నన్ను వరండాలో ఆపింది. "ఎవరు తలుపు తీసినా మా అన్ననా అని చూస్తాండాడక్కా. ఒక్కసారి రమ్మని చెప్పరాదా?"

వెళ్ళి చెప్పాను. పెద్దాయన కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. విన్నాడు. "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు రాకముందే నాకు ఫోను వచ్చింది.

సారును ఇంటికి తెచ్చారు. బజారు, సాలెవీధి, కుమ్మరి వీధి, అవతలి పల్లె, అందరూ వచ్చారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు గిద్దలూరు నుంచి, యర్రగొండపాలెం నుంచి బస్సులు పట్టుకుని వచ్చారు. పెద్దాయన కొడుకు తలకొరివి పెట్టాలి కాబట్టి తడిబట్టలతో తయారుగా ఉన్నాడు. పెద్దాయన మాత్రం తన గడప దిగలేదు. ఆ రోజు నాకు ఆయన మీద వచ్చిన కోపం రాయడానికి మాటలు చాలవు. చచ్చినవాడితో కూడా పంతమా అనుకున్నాను.

పాడె వీధిలోకి తెచ్చారు. ఎత్తే ముందు కొట్టడానికి ఎవరో టెంకాయ తీశారు. అప్పుడు ఎదురింటి గడప దగ్గర కర్ర చప్పుడైంది. పెద్దాయన దిగి వస్తున్నాడు. జనం తప్పుకున్నారు. తమ్ముడి మొహం వైపు ఆయన చూడలేదు. టెంకాయ పట్టుకున్నవాణ్ణి అడిగాడు.

"అది కొన్నదా?"

"కొన్నదే పెద్దయ్యా."

"పక్కన పెట్టు."

కర్ర ఆనించుకుంటూ, వీధి చివర కరెంటు స్తంభం దగ్గర అవతలి పల్లెవాళ్ళు నిలబడిన చోటికి నడిచాడు. నర్సు అమ్మాయి ముందు ఆగాడు. కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ చాపాడు.

"తల్లీ, ఊరి టెంకాయ కావాల. ఇస్తావా?"

"మా అవ్వ ఒక మాట అన్నది పెద్దాయనా" అంది ఆ అమ్మాయి.

"తెలుసు. వెనక్కి తేము."

ఆ మాట ఆయన దాకా చేరిందనీ, ఇన్నేళ్ళూ ఆయన దగ్గరే ఉందనీ నాకప్పుడు తెలిసింది. బైకు మీద దింపుతామన్నవాళ్ళను వద్దని ఆ అమ్మాయి ఇంటికి నడిచే పోయింది. పాడె ఆగింది. ఎండ ఎక్కుతోంది. ఎవరో గొడుగు తెచ్చి సారు మొహానికి అడ్డం పట్టారు. ఎవరూ తొందరపెట్టలేదు. సారుకు ఇలా ఎండలో కాచుకోవడం అలవాటే అనిపించి, నేను దుకాణంలోకి పోయి చీరల బీరువాకు మొహం ఆనించి ఏడ్చాను.

ఆ అమ్మాయి పసుపు పూసిన టెంకాయతో వచ్చింది. పెద్దాయన తీసుకుని పాడె ముందు సిమెంటు రోడ్డు మీద కొట్టాడు. బలం చాలలేదు, పగల్లేదు. ఆ అమ్మాయి ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ కలిసి కొడితే పగిలింది. డప్పులు మొదలయ్యాయి. పాడె లేచింది.

చావు దగ్గర కొట్టిన కాయ మా వైపు ఎవరూ నోట పెట్టరు. ఆచారం విషయంలో పెద్దాయన కంటే పట్టున్న మనిషి మా ఊళ్ళో లేడు. ఆయన వంగి, చిప్పలోంచి రాలిన ఒక ముక్క ఏరుకున్నాడు. వాళ్ళ కోడలు "వద్దు మామా" అని చెయ్యి పట్టుకోబోయింది. "ఇది నాకు రావాల్సిన ముక్క. వాడు పట్టుకుని తిరిగినాడు" అని నోట్లో వేసుకున్నాడు.

అంత దూరం నడవలేడు కాబట్టి శ్మశానానికి పోలేదు. నా దుకాణం ముందుకొచ్చి, బెంచీ మీద తమ్ముడు కూర్చునే చోట కూర్చున్నాడు. పాడె మలుపు తిరిగింది. డప్పు చప్పుడు కుమ్మరి వీధి దాకా వినపడి, తర్వాత వినపడలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇస్తే వద్దని చెయ్యి ఊపాడు. పళ్ళు లేవు, నమలలేడు. ఉమ్మడు. రోడ్డు మీద కాయ నీళ్ళ తడి ఎండకు అంచుల నుంచి ఆరిపోతుంటే దాని వంకే చూస్తూ, ఆ ముక్కను బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.